చదువరి కుర్చీ, చదువరి దీపము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామము ఇరువదియైదేండ్లపాటు తన పుస్తకములను తాను కాపాడుకొనుచు వచ్చుట సామాన్య విషయము కాదు. ఇట్టి సభలో పుస్తకములనుగూర్చి మాటలాడ దగిన విద్వాంసులు పెక్కురు కలరు. కావున నేను పుస్తకమునుగూర్చి గాక, పుస్తకము చదువువాడు కూర్చుండు కుర్చీనిగూర్చియు, వాని తలపై వెలుగు దీపమునుగూర్చియు నాలుగు మాటలు చెప్ప నెంచితిని. ఈ రెండును చక్కగా అమరినపుడు వాటి ఉనికియే చదువరికి తెలియదు. అమరనిచో ఎంతటి గ్రంథమైనను గంటకు మించి సాగదు. నడుము నొచ్చును, కన్నులు మండును, పుస్తకము మూతపడును. ఈ రెండు వస్తువులను మిక్కిలి శ్రద్ధతో ఆలోచించినవారు యూరపు ఖండపు ఉత్తర దేశములవారు. వారి వృత్తాంతమే నేటి నా విషయము.

డెన్మార్కు, స్వీడను, నార్వే అను మూడు దేశములను కలిపి స్కాండినేవియా యందురు. ఫిన్లండు భాషచేత వీటికి దూరమైనను, చేతిపనులలో వీటికి తోబుట్టువు వంటిది. కావున దానినిగూడ కలుపుకొని మాటలాడెదను. ఈ దేశములలో శీతకాలము దీర్ఘము. డిసెంబరు మాసాంతమున కోపెన్‌హాగెన్ నగరమందు పగలు ఇంచుమించు ఏడు గంటలు మాత్రమే. మనకు ఎండను తప్పించుకొనుట సమస్య. వారికి వెలుగును పట్టుకొనుట సమస్య. మన సాయంకాలము అరుగుమీదనో, వేపచెట్టు క్రిందనో గడచును. వారి చలికాలమంతయు నాలుగు గోడల నడుమ గడువవలసినదే. కుర్చీ, బల్ల, దీపము అనునవి వారికి అలంకారములు గావు, ఆరునెలల కాపురము.

వారిని ఆదినుండియు సంపన్నులని తలపరాదు. 1850 మొదలు 1930 వరకు స్వీడను దేశమునుండియే పదిలక్షలకు పైబడిన జనము బ్రతుకుతెరువుకై అమెరికాకు వలసపోయిరి. ఉన్నది అడవి, అడవిలోని కర్ర, ఆ కర్రను ఎరిగిన చేయి. యంత్రములు వచ్చినపుడు ఆ చేతికి ముప్పు వాటిల్లెను. జర్మనీనుండియు ఇంగ్లండునుండియు చౌకగా వచ్చు కార్ఖానా సామానులతో ఊరి వడ్రంగి పోటీపడలేకపోయెను. ఇట్టి సమయమున కొందరు యంత్రమును శపించి పాతకాలమునకు మరలవలెననిరి. మరికొందరు చేతిపని కాలముచెల్లినదనిరి. ఉత్తర దేశములవారిలో వివేకవంతులు ఈ రెండు మాటలనుగూడ అంగీకరింపలేదు. స్వీడనులో ఎలెన్ కీ అను విదుషి 1899లోనే అందము అందరి సొత్తు కావలెనని వాదించుచు గ్రంథము వ్రాసెను. 1919లో గ్రెగోర్ పౌల్సన్ అను మరియొకరు దినదినము వాడుకొను వస్తువులే మరింత అందముగా ఉండవలెనని కార్ఖానా యజమానులకు ఉద్బోధించెను. చిత్రకారుని కార్ఖానాలోనికి పంపుడనుటయే ఆయన వాదపు సారము.

కాని మాట వేరు, పని వేరు. పనిని మొదలుపెట్టినవాడు డెన్మార్కు దేశీయుడగు కోరె క్లింట్. 1924లో కోపెన్‌హాగెన్ రాజకీయ కళాపరిషత్తునందు గృహోపకరణ నిర్మాణ శాఖను స్థాపించి, 1954లో మరణించువరకు బోధించిన గురువు ఆయన. ఆయన బోధనాపద్ధతి విచిత్రమైనది. క్రొత్త శిల్పమును కనిపెట్టుడని శిష్యులతో అనలేదు; పాత కుర్చీలను తెచ్చి, అంగుళము అంగుళము కొలువుడనెను. పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లీషు కుర్చీ, చైనా దేశపు కుర్చీ, అమెరికాలో షేకర్లను మతశాఖవారు చేసికొన్న నిరాడంబరమగు కుర్చీ, వీటిలో కాలు ఎంత వాలినది, వీపు ఎంత ఒరగినది, ఏల ఆ కొలతయే నిలిచినది అని శోధింపజేసెను. పిమ్మట మనుష్య శరీరమును కొలిపించెను. అటుపిమ్మట ఇంటిలోని వస్తువులను కొలిపించెను. ఒక సామాన్య కుటుంబమునకు ఎన్ని పళ్ళెములుండును, ఎన్ని చెంచాలుండును, మడచిన దుప్పటి ఎంత వెడల్పు, చొక్కా ఎంత వెడల్పు అని లెక్కవేసి, ఆ లెక్కననుసరించి బీరువా అరలను నిర్ణయించెను. బీరువాకు సరిపడునట్లు సామానును కుక్కుట గాక, సామానుకు సరిపడునట్లు బీరువాను చేయుట ఆయన ధర్మము. వినుటకు ఇది చిన్న మాట. కాని మన ఇండ్లలో ఎన్ని అలమారలు పుస్తకమునకు చాలక, చీరెకు మించి, అక్కరలేని చోటును దాచుకొని నిలిచియున్నవో ఎవరి ఇంటిలో వారు చూచుకొనవచ్చును.

1927లో కోపెన్‌హాగెన్ వడ్రంగుల సంఘమువారు ఒక ప్రదర్శనము నడపిరి. అది ఏటేట సాగి, 1966 వరకు నలువది సంవత్సరములు ఎడతెగక జరిగెను. కార్ఖానాల పోటీకి జంకి, తమ పనితనమును జనులకు చూపుకొనుటకై ఆరంభించిన ప్రయత్నమది. అందులోని విశేషమేమనగా, క్రమముగా ఒక్కొక్క వడ్రంగి మేస్త్రీతో ఒక్కొక్క యువశిల్పి జతగూడెను. ఫిన్ యూల్‌కు నీల్స్ వొద్దెర్, హాన్స్ వెగ్నర్‌కు జొహానెస్ హాన్సెన్ అట్లు దొరకిన జంటలు. శిల్పి కాగితముమీద గీసినదానిని మేస్త్రీ చూచి, ఈ కర్ర ఇచ్చట ఇట్లు వంగదు, ఈ అతుకు పదేండ్లు నిలువదు అని చెప్పగలుగుట, శిల్పి దానిని వినగలుగుట ఈ కథలో అసలు ఘట్టమని నా అభిప్రాయము. మనదేశములో గీయువానికి చిత్రిక పట్టుట రాదు. చిత్రిక పట్టువానిని గీయువాడు సంప్రదింపడు. ఆ ఎడము వారు తగ్గించుకొనిరి.

హాన్స్ వెగ్నర్‌లో ఆ ఎడము బొత్తిగా లేదు. ఆయన 1914లో టోండర్ అను చిన్న పట్టణమున చెప్పులు కుట్టువాని కుమారుడై జన్మించెను. పదునాల్గవ యేటనే వడ్రంగి యొద్ద పనికి కుదిరెను. చదువు పిమ్మట వచ్చినది. ఉలి ముందు వచ్చినది. తన జీవితకాలమున ఆయన ఐదువందలకు పైగా కుర్చీలను కల్పించెనందురు. అందు 1949లో చేసిన గుండ్రని కుర్చీ లోకప్రసిద్ధము. చైనాలో మింగు వంశపు రాజుల కాలమున చేసిన కుర్చీలను చూచి, వాటి చేతులును వీపును ఒకే వంపుగా సాగుటను గ్రహించి, దానిని విడదీసి విడదీసి, తీసివేయదగినదంతయు తీసివేయగా మిగిలినది ఆ కుర్చీ. అందు వీపుపట్టెయు చేతులును కలియుచోట అతుకు పడక తప్పదు. ఆ అతుకు కంటికి ఇంపు కాదని మొదట దానిపై పేము చుట్టి దాచిరి. పిమ్మట వెగ్నర్ ఆ పేమును తొలగించి, రెండు చేతుల వ్రేళ్ళను ఒకదానిలో నొకటి జొప్పించినట్లు అతుకును కోసి, బయటికి కనబడనిచ్చెను. దాచదలచిన అతుకే ఆ కుర్చీకి సొగసైనది. 1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన కెనెడీ, నిక్సనులు టెలివిజనులో వాదించుకొన్ననాడు కూర్చున్నవి ఈ కుర్చీలే.

అదే 1949లో ఆయన గీసిన మరియొక కుర్చీ కలదు. కోడి మెడయెముకవలె చీలిన వీపుపట్టె గలది. 1950 మొదలు నేటివరకు కార్ల్ హాన్సెన్ అను సంస్థవారు దానిని ఎడతెగక చేయుచున్నారు. కాళ్ళు, పట్టెలు యంత్రము కోయును. కూర్చుండు చోటు మాత్రము నేటికిని మనిషి చేతితో అల్లును. ఒక కుర్చీకి సుమారు 120 మీటర్ల త్రాడు పట్టును. ఆ త్రాడు పేనిన కాగితమునుండి చేసినది. మన నులక మంచము నెరిగినవారికి ఈ పని క్రొత్త గాదు. నులక సాగును, మరల బిగింపవచ్చును. తెగినచో మంచమును పారవేయక క్రొత్త నులక అల్లవచ్చును. ఆ కుర్చీకి కూడ అదే నీతి. కట్టె తరతరములు నిలుచును, అల్లిక మారుచుండును. స్వీడనులో బ్రూనో మాథ్సన్ అనువాడు వంచిన కర్రకు జనుపపట్టీలు అల్లి కుర్చీలు చేసెను. చూచితిమేని మన నవారు మంచమే గుర్తుకువచ్చును. ఇది ఒకరినుండి ఒకరు నేర్చినది కాదు. ఒరుగువాని వీపు ఎచ్చటనైనను ఒక్కటియే.

వెగ్నర్ కుర్చీలు అందమైనవి, కాని ఖరీదైనవి. ఈ విషయమున నాకు ఆయన మిత్రుడగు బోర్గె మోగెన్సెన్ మీద ఎక్కువ గౌరవము. డెన్మార్కులో సహకారోద్యమము మిక్కిలి బలమైనది. ఆ దేశపు వినియోగదారుల సహకార సమాఖ్యవారు 1942లో తమ సభ్యులకై గృహోపకరణములు చేయదలచి, క్లింట్ శిష్యుడగు మోగెన్సెన్‌ను ఆ శాఖకు అధిపతిగా నియమించిరి. చిన్న ఇంటిలో పట్టవలెను, చిన్న జీతములో అమరవలెను, పది మంది ఎత్తి దింపినను విరుగరాదు. ఇవి ఆయనకు పెట్టిన నియమములు. 1947లో వచ్చిన ఆయన కుర్చీకి జే 39 అని పేరు. జనులు దానిని ప్రజల కుర్చీ యనిరి. బీచ్ కర్ర, నాలుగు నిటారు కాళ్ళు, ఒక వెడల్పాటి వీపుపలక, పైన కాగితపు నులక. అందు చెప్పుకొనదగిన చమత్కార మేదియు లేదు. ఉపాధ్యాయుడు, రైతు, కూలివాడు దానిని కొనగలిగిరి. గొప్పవాని మేడలో ఒక్క కుర్చీ అందముగా ఉండుటకంటె, వేయి ఇండ్లలో వేయి కుర్చీలు సరిగా ఉండుట దుష్కరము.

ఇచ్చట టేకును గూర్చి ఒకమాట. రెండవ ప్రపంచయుద్ధానంతరము డెన్మార్కు వడ్రంగులు టేకును విశేషముగా వాడిరి. ఆ నేలలో టేకు మొలవదు. థాయిలాండు మొదలగు తూర్పుదేశములనుండి ఓడలలో వచ్చినది. ఫిన్ యూల్ దానిని చేతపట్టి, శిల్పి చెక్కిన శిలవలె నునుపుచేసి కుర్చీలు మలచెను. ఐక్యరాజ్యసమితి భవనములో ధర్మకర్తృత్వ మండలి సభామందిరమును అలంకరించినది ఆయనయే. ఇంగ్లీషువారు టీక్ అను మాటను పోర్చుగీసువారినుండియు, పోర్చుగీసువారు మలయాళ భాషనుండియు గ్రహించిరి. మలయాళములో తేక్కు, మనకు టేకు. మన దక్షిణదేశపు మాట కర్రతోబాటు సముద్రములు దాటినదని తెలిసికొనుట ముచ్చటగదా.

ఇక దీపము.

పౌల్ హెన్నింగ్సెన్ 1894లో డెన్మార్కులో జన్మించెను. కిరసనాయిలు దీపముల వెలుగులో బాల్యము గడచిన తరమువాడు. లాంతరు వెలుగు మందమైనను మెత్తనిది. దాని చుట్టు కూర్చున్నవారి ముఖములు పసిమిగా కనబడును. పిమ్మట విద్యుత్తు వచ్చినది. వెలుగు పెరిగినది, కాని బల్బు నగ్నముగా వ్రేలాడి కంటిలో సూదివలె గ్రుచ్చుకొనెను. గది అంతయు తెల్లబారెను. మనుష్యుల ముఖములమీద నీడలు కఠినములయ్యెను. వెలుగు ఎక్కువగుట వేరు, చూపు సుఖముగుట వేరు అని ఆయన గ్రహించెను. మనలో పెక్కురు నేటికిని గ్రహింపని విషయమిది. గదికి ఎన్ని వాట్ల బల్బు వేయవలెనని అడుగుదుమేగాని, ఆ బల్బు కంటికి కనబడవలెనా వలదా యని అడుగము.

ఆయన ఏండ్ల తరబడి లెక్కలు కట్టి, 1926లో మూడు కప్పుల దీపమును సిద్ధపరచెను. కోపెన్‌హాగెన్‌లో అప్పుడు క్రొత్తగా కట్టిన ఫోరమ్ అను ప్రదర్శనశాలకు వాటిని అమర్చిరి. బల్బు చుట్టును ఒకదానిక్రింద నొకటిగా మూడు కప్పులు. పైది పెద్దది, నడిమిది చిన్నది, క్రిందిది మరింత చిన్నది. ఆ కప్పుల వంపు ఇష్టము వచ్చినట్లు గీచినది కాదు. గణితమున సంవర్గమాన సర్పిలము అను వక్రరేఖ యొకటి కలదు. నత్తగుల్ల చుట్టవలె సాగునది. దాని కేంద్రమునుండి ఏ దిక్కునకు గీత గీచినను, ఆ గీత వక్రరేఖను ఒకే కోణమున తాకును. హెన్నింగ్సెన్ బల్బును ఆ కేంద్రమున ఉంచి, కప్పులను ఆ రేఖననుసరించి వంచెను. అందువలన వెలుగు కప్పుమీద ప్రతిచోటను ఒకే వాలున పడి, ఒకచోట మెరసి మరియొకచోట మాసిపోక, సమముగా చెదరును. బల్లమీదికి ఎక్కువ వెలుగు దిగును; ప్రక్కలకు మెత్తని వెలుగు పారును; పైకప్పుకు కొంచెము చేరును. బల్లవద్ద కూర్చున్నవాడు ఎటునుండి చూచినను బల్బు మాత్రము కనబడదు. మన పూర్వులు గూటిలో దీపము పెట్టి, జ్వాల కంటికి నేరుగా తగులకుండ గోడమీద వెలుగు పరచుకొన్నారు. వారికి అనుభవము చెప్పినదానిని ఆయన గణితముచేత సాధించెను.

ఆ దీపములను లూయీ పౌల్సెన్ సంస్థవారు నేటికిని చేయుచున్నారు. హెన్నింగ్సెన్ 1958లో మరియొక దీపమును గీసెను. దాని వ్యాసము 50 సెంటీమీటర్లు. అందుచే పీహెచ్ 5 అని పేరు. బల్బుల తయారీదారులు తమ ఇష్టానుసారము బల్బు ఆకారమును మార్చుచుండుటచే విసిగి, ఏ బల్బు పెట్టినను కంటికి తగులని విధమున దానిని కల్పించెను. నేడు బల్బుపోయి ఎల్.ఇ.డి. వచ్చినది, ఆ దీపము మారవలసిన పని లేకపోయినది. అదే యేట ఒక భోజనశాలకై ఆయన చేసిన పెద్ద దీపమునకు పండ్రెండు వరుసలలో డెబ్బదిరెండు రాగి రేకులు; చూచుటకు అది సంపెంగమొగ్గ తలక్రిందుగా వ్రేలాడినట్లుండును. వాటిసందున దీపము ఎచ్చటను కనబడదు. చూపరులు దానినే ఎక్కువగా మెచ్చుదురు. నాకు మాత్రము భోజనపుబల్లమీది పీహెచ్ 5 మేలు. హెన్నింగ్సెన్ స్వయముగా పత్రిక నడపి, ధనికులకు వింతవస్తువులు చేయు కళాకారులను తీవ్రముగా దూషించి, అందరికి పనికివచ్చు గ్లాసులు, కప్పులు చేయుడని పోరినవాడు. ఆయన మాట ఆయన రాగి రేకులకంటె గట్టిది.

ఈ కథకు చీకటి ప్రక్కయు కలదు. 1966లో వడ్రంగుల ప్రదర్శనము నిలిచిపోయెను. కూలి పెరిగెను, అభిరుచి మారెను, ప్లాస్టిక్కు వచ్చెను. పెక్కు చిన్న వడ్రంగశాలలు మూతపడెను. వెగ్నర్ గుండ్రని కుర్చీని చేసిన జొహానెస్ హాన్సెన్ శాలకూడ చివరకు నిలువలేదు. నేడు దానిని పీపీ మోబ్లర్ అను మరియొక శాలవారు చేయుచున్నారు. స్వీడనులో 1943లో ఆరంభమైన ఐకియా అను సంస్థ 1956లో మరియొక మార్గము త్రొక్కెను. బల్లను విడదీసి, పలుచని పెట్టెలో పెట్టి అమ్మి, కొన్నవాడే ఇంటికి పోయి బిగించుకొనుట ఆ మార్గము. రవాణా ఖర్చు తగ్గెను, ధర తగ్గెను. మనదేశమున ఆ సంస్థవారి మొదటి దుకాణము 2018 ఆగస్టులో హైదరాబాదుననే వెలసినది. చూచినవారు ఈ సభలోనే యుండవచ్చును. అందము అందరి సొత్తు కావలెనన్న ఎలెన్ కీ కోరిక ఒకవిధముగా తీరినది. కాని మోగెన్సెన్ కుర్చీలో ధరయు తగ్గినది, వడ్రంగియు మిగిలెను. ఇచ్చట ధర తగ్గినది, వడ్రంగి స్థానమున మరచీలయు, దానిని త్రిప్పు చిన్న కీలును మిగిలినవి. అట్టి బల్ల ఒకసారి విప్పి రెండవ ఇంటిలో బిగించినచో పట్టు వదలుట కద్దు. కాలు విరిగిన టేకు కుర్చీని మన ఊరి వడ్రంగి బాగుచేయగలడు. పొట్టు అదిమి చేసిన పలక ఉబ్బినచో ఎవరును బాగుచేయలేరు. చౌక యని కొనునపుడు ఈ లెక్కను గూడ వేసికొనవలెను.

చివరకు గ్రంథాలయమునుగూర్చి చెప్పక నా ఉపన్యాసము ముగియరాదు. ఫిన్లండు దేశమున అల్వార్ ఆల్టో అను వాస్తుశిల్పి యుండెను. క్షయరోగులకై పైమియో అను చోట ఆయన కట్టిన ఆరోగ్యశాల 1933లో పూర్తియయ్యెను. ఆ కాలమున జర్మనీలో ఇనుపగొట్టముల కుర్చీలు క్రొత్త వాడుక. ఇనుము చలికి చల్లబడును, రోగికి తగిలినచో జిల్లుమనును. కావున ఆల్టో తన దేశపు బర్చ్ కర్రనే పలుచని పొరలుగా తీసి, జిగురుతో అంటించి వంచి, రోగి ఒరగి సుఖముగా ఊపిరి తీయదగిన వాలుతో కుర్చీ చేసెను. అదే కాలమున, ఓట్టో కోర్హొనెన్ అను వడ్రంగి యజమానుని తోడ్పాటుతో ఒక ముక్కాలిపీటనుగూడ చేసెను. కర్రను లంబకోణమున వంచినచో విరుగును. వారు కాలి పైభాగమును మాత్రము దువ్వెనవలె సన్నని చీలికలుగా కోసి, ఆ చీలికలలో జిగురు పూసిన పలుచని పొరలను దూర్చి, అప్పుడు వంచిరి. ఆరిన పిదప ఆ వంపు మరి కదలదు. క్రిందిభాగము గట్టి కర్రగానే యుండును. ఆ కాలిని నేరుగా గుండ్రని పలకకు మరలతో బిగింతురు. మూడుకాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలమీదనైనను ఊగదని మన ఇండ్లలో అందరును ఎరిగినదే. పని లేనపుడు ఒకదానిపై నొకటి పేర్చి మూలకు చేర్చవచ్చును.

ఆ పీటలు ఎచ్చటికి చేరినవనగా, వీపురి నగరపు గ్రంథాలయమునకు. 1927లో పోటీలో గెలిచి, 1935లో ఆల్టో పూర్తిచేసిన కట్టడమిది. పఠనశాల గోడలకు కిటికీలు లేవు. పైకప్పులో 57 గుండ్రని గవాక్షములు కలవు. ఒక్కొక్కటి నిలువెత్తు మనిషి అడ్డముగా పట్టునంత వెడల్పు, గొట్టమువలె లోతు. ఆ ఉత్తరదేశమున సూర్యుడు నడివేసవిలోనైనను నడినెత్తికి రాడు. కావున ఎండ ఆ గొట్టములలో నేరుగా దిగలేక, వాటి తెల్లని గోడలకు తగిలి చెదరి, మెత్తని వెలుగై క్రిందికి వచ్చును. అన్ని దిక్కులనుండి వచ్చు వెలుగగుటచే పుస్తకముమీద చదువరి తలనీడ గాని, చేతినీడ గాని పడదు. రాత్రివేళ దీపములను గూడ గోడలమీదికి త్రిప్పి, గోడనుండి మరలిన వెలుగునే చదువరికి అందజేసిరి. ఉపన్యాసశాల పైకప్పును సన్నని చెక్కపట్టీలతో అలలవలె మలచిరి. వేదికమీది మాట చివరి వరుసకు, చివరి వరుసలోని ప్రశ్న వేదికకు సమానముగా వినబడుటకై చేసిన ఏర్పాటు అది. మాటలాడువానికి వినువానికి సమానమగు హక్కు కలదన్న భావము ఆ పైకప్పులోనే యున్నది.

ఆ గ్రంథాలయమునకు సుఖము ఎక్కువకాలము దక్కలేదు. యుద్ధమున వీపురి నగరము సోవియట్టు దేశమునకు పోయెను. ఫిన్లండు జనులు ఇండ్లు విడిచి తరలిపోయిరి. కట్టడము సుమారు పదేండ్లు ఏలేవారు లేక, వానకు నానుచు పాడుపడియుండెను. 1961 నాటికి ఏదో విధముగా బాగుచేసి వాడుకలోనికి తెచ్చిరి. పిమ్మట ఫిన్లండు, రష్యా నిపుణులు కలిసి ఇరువది యేండ్లకు పైగా శ్రమించి, అలల పైకప్పును, గవాక్షములను ఆల్టో గీసిన విధముననే పునరుద్ధరించి 2013లో పూర్తిచేసిరి. నగరము పేరు నేడు వైబోర్గు. అక్కడి పుస్తకములు రష్యను భాషవి. పైకప్పులోని 57 గవాక్షములక్రింద ఎప్పటివలెనే చదువరులు కూర్చుండి చదువుకొనుచున్నారు.